పక్కకు ఒక్క అడుగు

2025 జనవరి 12, ఆదివారం మధ్యాహ్నం. ఒక అట్ట మీద ఏడు వరుసలు, వరుసకు ఏడు గడులు గీశాను. పావులకు పాత చొక్కాల గుండీలు వాడాను. సాయంత్రానికల్లా ఆట తయారవుతుందని, చిన్నచిన్న లోపాలుంటే ఓ నెలలో దిద్దుకోవచ్చని లెక్క వేసుకున్నాను. నియమాలను ఇక ముట్టుకోనని నోటుపుస్తకంలో రాసుకున్నది అక్టోబరు 5న. ఈ మధ్యలో ఏం జరిగిందో వరుసగా చెబుతాను. సొంతంగా ఆట తయారుచేస్తూ, పావుల కదలికలు ఎంతకీ సరితూగక తల పట్టుకున్నవారికి పనికొస్తుందేమో.

ఆట సంగతి కొంచెం చెప్పకపోతే మిగతాది బోధపడదు. పేరు ‘దివిటీ’. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికి ఎనిమిది పావులు: ఒక దివిటీ, రెండు దూతలు, ఐదు బంట్లు. వెనుక వరుస మధ్యలో దివిటీ, దానికి అటూ ఇటూ ఒక్కో గడి వదిలి దూతలు, ముందు వరుసలో బంట్లు. దివిటీ ఎటైనా ఒక్క గడి వెళుతుంది. దూత నిలువుగా గానీ అడ్డంగా గానీ ఖాళీ ఉన్నంత మేర పరుగెత్తుతుంది. బంటు ముందుకు ఒక్క అడుగు, లేదా పక్కకు ఒక్క అడుగు. ఏ పావైనా తాను వెళ్లగలిగిన గడిలో ఎదుటి పావు ఉంటే దాన్ని కొట్టవచ్చు. మన దివిటీని అవతలివారి వెనుక వరుసకు చేర్చినా, వారి దివిటీని కొట్టినా గెలుపు మనదే.

బంటు గురించిన ఆ వాక్యంలో ‘పక్కకు ఒక్క అడుగు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు. ఆరు నెలలు పోయాయి.

మొదటి వారంలో మా చెల్లెలితో పది ఆటలు ఆడాను. ముందు ఎత్తు వేసినవారు ఏడు గెలిచారు. నాకు కంగారు పుట్టింది. దోషి ఎవరో వెతకక్కరలేదనిపించింది, పలక మీద అంత జోరుగా తిరిగేది దూత ఒక్కటే కదా! ఆ రాత్రే దూతకు సంకెళ్లు వేశాను, మూడు గడులకు మించి పోకూడదని. మర్నాటి నుంచి మరో 14 ఆటలు. ముందు ఆడినవారు పది గెలిచారు.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. సంకెళ్లు వేయకముందు పదింటికి ఏడు, వేశాక పద్నాలుగింటికి పది. అంటే రెండుసార్లూ నూటికి 70 చిల్లరే. దూతను కుంటివాణ్ణి చేసినా ఏమీ మారలేదు. నేను మాత్రం ‘ఇంకా తగ్గించాలి కాబోలు’ అని రెండు గడులకు కుదించాను. అప్పటికి నాకు తెలియని సంగతి మరొకటి ఉంది. నాణెం ఎగరేసినా పదింటిలో ఏడు గానీ అంతకు మించి గానీ బొమ్మలు పడే అవకాశం నూటికి 17. అంటే నేను మొదటి మార్పు చేసింది నాణెం కూడా చూపించగలిగే సాక్ష్యం మీద. 24 ఆటలకు 17 గెలుపులంటే సంగతి వేరు, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం నూటికి మూడే. తేడా నిజంగానే ఉంది. నేను వెతుకుతున్న చోట మాత్రం లేదు.

ఫిబ్రవరి 16న బాబాయి వచ్చారు. ఆయన చదరంగం నిదానంగా, నమిలి మింగినట్టు ఆడతారు. రెండు ఆటలయ్యాక అన్నారు: “ఇది పరుగుపందెంలా ఉంది నాయనా. ఇద్దరూ ఒకే దూరం పరుగెత్తాలి, ఒకడు ఒక అడుగు ముందు బయల్దేరుతున్నాడు. వాడు గెలవక ఏం చేస్తాడు?” మాట సబబుగా తోచింది. అందుకని దివిటీ చివరి వరుసకు చేరితే సరిపోదని, అవతలివారి తర్వాతి ఎత్తును తట్టుకుని నిలబడితేనే గెలుపని నియమం పెట్టాను. ఇది మంచి నియమమే, ఇప్పటికీ ఉంది. అయితే దీనితో ఆట స్వరూపమే మారిపోయింది. తొందరపడి ముందుకు పోవడం ప్రమాదమని అందరికీ తెలిసిపోయింది. అందరూ కదలడం మానేశారు.

మార్చి నెలంతా ఎదురుచూపుల ఆటలే. నేను బంటును కుడికి జరుపుతాను, బాబాయి ఆయన బంటును ఎడమకు జరుపుతారు. నేను దాన్ని వెనక్కి, ఆయన దాన్ని వెనక్కి. మార్చి 9న ఆడిన ఒక ఆట గంటా పదిహేను నిమిషాలు నడిచింది, అందులో నిజంగా ఆట అనదగ్గది చివరి ఆరేడు నిమిషాలు. పక్కన కూర్చుని చూస్తున్న చెల్లెలు కునికిపాట్లు పడి లేచి “ఇంకా అవే బంట్లా?” అని అడిగింది. అవే బంట్లు!

వేగం పెంచుదామని బంటుకు మొదటిసారి రెండు అడుగులు వేసే వీలు ఇచ్చాను. రెండు రోజుల్లోనే దాని దుష్ఫలితం బయటపడింది. దూత అడ్డంగా కాపలా కాస్తున్న వరుసను బంటు ఒక్క గెంతులో దాటేస్తోంది. అప్పుడు దానికో అతుకు: అలా దాటిన బంటును, అది ఒక్క అడుగే వేసినట్టు లెక్కగట్టి, దూత వెంటనే కొట్టవచ్చని. ఈ వాక్యం రాస్తూ రాస్తూ కలం ఆపేశాను. ఇది చదరంగంలో ఎప్పుడో జరిగిన కథే. అక్కడా బంటుకు మొదట రెండు గడుల వీలు ఇచ్చాక, అది పక్కనున్న ఎదుటి బంటు దెబ్బ తప్పించుకుపోకుండా ‘ఆన్‌పాసాన్’ అనే అతుకు కావలసి వచ్చింది. కొత్తగా నేర్చుకునేవారికి అందరికంటే ఆలస్యంగా తలకెక్కే నియమమూ, ముందుగా మరచిపోయే నియమమూ అదే. వందల ఏళ్లు నిలిచిన ఆటకు అలాంటి అతుకు చెల్లుతుంది. నిన్నగాక మొన్న పుట్టిన ఆటకు ఎవరు ఓపిక పడతారు? ఆ కాగితం చించేశాను. అది ఆరో నియమ పత్రం.

తర్వాత చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొత్తవారితో ఆడించాలంటే గుండీలు బాగుండవని, ఏప్రిల్ 4న పలకనూ పావులనూ ముద్రణకు ఇచ్చాను. ప్రతి పావు మీదా అది ఎటు కదులుతుందో బాణపు గుర్తులు వేయించాను, నియమాలు గుర్తుపెట్టుకోనక్కరలేకుండా. వారంలో ఇస్తామన్నది 16 రోజులకు చేతికొచ్చింది. అప్పటికే దూత సంకెళ్లు రెండుసార్లు మారాయి. బాణాలు పాత నియమం చెబుతున్నాయి, నేను కొత్త నియమం చెబుతున్నాను. ఆడేవారు సహజంగానే పావునే నమ్మారు. నా మాట కంటే బాణం మాటే చెల్లింది! చివరకు బాణాల మీద రంగు కాగితం చుక్కలు అంటించుకున్నాను. పోయిన డబ్బు కంటే, ఆ పదహారు రోజులూ ‘పావులు వచ్చాక చూద్దాం’ అంటూ ఒక్క ఆటా ఆడకపోవడమే ఎక్కువ బాధించింది. గుండీలు ఎక్కడికి పోయాయి? డబ్బాలోనే ఉన్నాయి.

మే నెలలో పంపకపు నియమం ప్రయత్నించాను. ముందు ఎత్తు ఒకరు వేస్తారు, అది చూసి ఏ పక్షం కావాలో రెండోవారు ఎంచుకుంటారు. వాటాలు వేసేవాడు ఒకడు, ఏరుకునేవాడు ఇంకొకడు అన్నమాట. హెక్స్ అనే ఆటలో ముందు ఆడినవారికి గెలిచే దారి తప్పక ఉంటుందని గణితంలో రుజువైంది, అయినా ఈ నియమంతో అది చక్కగా నడుస్తోంది. అక్కడ నడిచింది కదా అని నేనూ పెట్టాను. బాబాయికి తెగ నచ్చింది. కొత్తవారి ముఖాలు మాత్రం వాడిపోయాయి. ఏ ఎత్తు మంచిదో తెలిస్తే కదా ఏ పక్షం మంచిదో తెలిసేది! ఒకావిడ ఎనిమిది నిమిషాలు ఆలోచించి, “నాకు ఆట ఇంకా మొదలే కాలేదు, అప్పుడే పరీక్ష పెట్టేశారు” అన్నారు. ఆ మాటతో నియమం తీసేశాను. గో ఆటలో లాగా రెండోవారికి ముందే కొన్ని అంకెలు కలిపి ఇచ్చే మార్గం నాకు లేదు, నా ఆటలో లెక్కపెట్టడానికి అంకెలే లేవు.

ఆ నెలాఖరుకు విసుగు పుట్టింది. ప్రతి మార్పుకూ పదేసి ఆటలు ఆడాలి, మనుషులు దొరకాలి, దొరికినవారు అలసిపోకూడదు. పైగా నాలో ఒక దోషం గమనించాను. కొత్త నియమం పెట్టిన రోజున, అది పనిచేస్తోందని చూపించడానికి, నాకు తెలియకుండానే ముందు ఆడినప్పుడు కాస్త మెత్తగా ఆడుతున్నాను. చెల్లెలు పట్టేసింది: “అన్నయ్యా, నువ్వు ఓడిపోవాలని ఆడుతున్నావు.” లెక్కల పుస్తకంలో ఆ వారం ఆటలన్నీ కొట్టేశాను.

కంప్యూటర్ చేత ఆడిద్దామన్నది ఆమె ఆలోచనే. ఆమె సెలవులు జూన్ 20 తర్వాత. మూడు వారాలకు పైగా ఎదురుచూపు. ఆ రోజుల్లో నియమాలను స్పష్టంగా రాసి ఇవ్వమంది, సందేహానికి తావు లేకుండా. అనుకున్నంత తేలిక కాదది. మనుషులకు ‘అదేలే’ అని సర్దిచెప్పిన చోట్లన్నీ యంత్రం దగ్గర నిలదీశాయి. ఎవరికీ ఎత్తు లేకపోతే? ఇద్దరి దివిటీలూ ఒకేసారి అవతలి వరుసల్లో నిలబడితే? ఒకే స్థితి మళ్లీ మళ్లీ వస్తే? అయిదు నెలలుగా ఆడుతున్న ఆటలో 13 ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. మూడోసారి అదే స్థితి వస్తే డ్రా, కదలలేనివారు ఓడినట్టు అని అప్పుడే తేల్చుకున్నాను.

జూన్ 28న మొదటి ఫలితం. యంత్రం రెండు పక్షాలా గుడ్డిగా, చేతికొచ్చిన ఎత్తు వేస్తూ 10,000 ఆటలు ఆడింది. ముందు ఆడినవారి గెలుపులు 5,071. దాదాపు సమానం! నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. చెల్లెలు చప్పరించేసింది. “ఇద్దరు గుడ్డివాళ్లు కత్తి తిప్పుకుంటే ఎవరి కత్తి పొడవో ఎలా తెలుస్తుంది?” ఆమె చెప్పిందే నిజం. ఆడేవారికి నైపుణ్యం పెరిగే కొద్దీ ఒక చిన్న మొగ్గు కూడా పెద్దదవుతుంది.

తర్వాత నాలుగు ఎత్తుల ముందుచూపుతో ఆడేలా మార్చింది. జులై 2 రాత్రి 400 ఆటలు పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే 400కు 400 ముందు ఆడినవారే గెలిచారు. ఇక ఈ ఆటను చెత్తబుట్టలో వేయాల్సిందేనని కాసేపు మాట పడిపోయింది. అరగంట తర్వాత చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. యంత్రంలో యాదృచ్ఛికత లేదు. ఒకే స్థితికి ఎప్పుడూ ఒకే ఎత్తు వేస్తుంది. అంటే రాత్రంతా అది ఒకే ఆటను 400 సార్లు ఆడింది! మొదటి నాలుగు ఎత్తులు యాదృచ్ఛికంగా వేయించి, తర్వాత బుద్ధిగా ఆడమన్నాక అసలు లెక్క వచ్చింది: ముందువారికి 246, రెండోవారికి 122, డ్రాలు 32.

అప్పుడు ఆమె చేసిన పని నేను జనవరిలోనే, గుండీలతోనే చేసి ఉండాల్సింది. ఒక్కో నియమాన్ని విడివిడిగా తీసేసి, మిగతా అన్నీ యథాతథంగా ఉంచి, రాత్రికొక 400 ఆటలు. దూత సంకెళ్లు పూర్తిగా తీసేసిన రాత్రి: తేడా లేదు. దూతను ఒక్క గడికి కుదించిన రాత్రి: తేడా లేదు, ఆటలు మాత్రం సాగాయి. దివిటీకి మూలగా వెళ్లే వీలు తీసేస్తే: స్వల్పం. అయిదో రాత్రి బంటు పక్క అడుగు తీసేశాం. జులై 11 ఉదయం తెర మీద అంకెలు చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మొగ్గు సగానికి పైగా పడిపోయింది.

ఎందుకో తెలియకపోతే నిద్ర పట్టదు కదా. యంత్రం ఆడిన ఆటలను పలక మీద గుండీలతో నేనే మళ్లీ ఆడి చూశాను. మూడో ఆటలో దొరికింది. నడిమి నిలువు వరుసలో ముందువాడి దూత. దాని ఎదురుగా సొంత బంటు తెరలా నిలబడి ఉంది. ఆ వరుసలోనే దూరంగా ఎదుటి దివిటీ. బంటు ఒక్క అడుగు పక్కకు వేసి, అక్కడున్న ఎదుటి దూతను కొట్టింది. అదే అడుగుతో తెర తొలగి, వెనుకనున్న దూత చూపు దివిటీ మీద పడింది. ఒక్క ఎత్తులో రెండు దెబ్బలు. ఎదుటివారు దివిటీని తప్పించుకున్నారు, దూత పోయింది. తర్వాతి ఎత్తులో బంటు మళ్లీ పక్కకు జరిగి యథాస్థానంలో కూర్చుంది. తలుపు మూసుకుంది!

ఆ పక్క అడుగు ఒక తలుపు. తీయవచ్చు, దెబ్బ కొట్టవచ్చు, మళ్లీ మూసేయవచ్చు, మూల్యం ఏమీ లేదు. ఇలాంటి తలుపు ఎవరు ముందు సమకూర్చుకుంటే వారిదే పైచేయి, ముందు ఆడేవారికి ఒక ఎత్తు అదనంగా ఉంది కనుక వారే ముందు సమకూర్చుకుంటారు. మార్చి నెల ఎదురుచూపులకు కారణమూ ఇదే. పక్కకు వెళ్లి వెనక్కి రాగలిగే పావు ఉంటే, ఏమీ చేయకుండా కాలక్షేపం చేయడం ఎప్పుడూ సాధ్యమే. నేను రెండు వేరువేరు రోగాలనుకున్నవి ఒక్కటే. ఆరు నెలలు దూతను కొడుతూ వచ్చాను. పలక మీద అందరికంటే నంగనాచిలా నిలబడ్డ బంటును అనుమానించాలని తోచనే లేదు.

ఆగస్టులో కొత్త బంటు పుట్టింది. ముందుకు గానీ ముందు మూలలకు గానీ ఒక్క అడుగు. పక్కకు లేదు, వెనక్కి లేదు. ప్రతి బంటు జీవితకాలంలో వేయగలిగేవి ఐదడుగులే. ఐదు బంట్లకూ కలిపి 25, ఆ తర్వాత ఖాతా ఖాళీ. ఒక్కో అడుగూ ఖర్చని తెలిసేసరికి మనుషులు ఆడే తీరే మారింది. బంటు మీద వేలు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి, నిట్టూర్చి జరుపుతున్నారు. ఆ నిట్టూర్పు విన్నప్పుడు కలిగిన ఆనందం ఏ అంకె చూసినప్పుడూ కలగలేదు. దూతకు సంకెళ్లు తీసేశాను, పాపం. నియమాలు వివరించడానికి మునుపు తొమ్మిది నిమిషాలు పట్టేది, ఇప్పుడు నాలుగు.

యంత్రం లెక్క: 211, 163, డ్రాలు 26. డ్రాకు అర గెలుపు చొప్పున కలిపితే ముందువారికి 56 శాతం. చదరంగంలో తెల్లపావుల వాటా కూడా సుమారు 52 నుంచి 56 శాతం మధ్యే ఉంటుందంటారు కనుక అక్కడితో ఆపేయవచ్చు. ఆపలేకపోయాను. రెంజు ఆటలో ముందు ఆడే నల్లపావులకు కొన్ని ఎత్తులు నిషేధమని చదివి, నేనూ ఒక చిన్న నిషేధం పెట్టాను: ఆటలో మొట్టమొదటి ఎత్తు బంటుతోనే వేయాలి. 198, 174, డ్రాలు 28. అంటే 53 శాతం. దీనివల్ల కొత్తవారికి ఒక మేలు కూడా జరిగింది. మొదటి ఎత్తు ఏ పావుతో వేయాలా అని బిక్కముఖం వేయాల్సిన పని తప్పింది.

అన్నీ కలిపి నాకైన ఖర్చు: 212 గంటలు. రాసుకున్నాను కనుక చెప్పగలుగుతున్నాను. అందులో ఆడింది 90 గంటలే. తక్కినవి వివరించడానికీ, రాయడానికీ, వాదించుకోవడానికీ. నియమ పత్రాలు 11, పలకలు నాలుగు, పనికిరాని బాణాల పావులు ఒక పెట్టెడు.

అక్టోబరు 5న నియమాలకు తాళం వేశాను. అక్టోబరు 19న బాబాయి వచ్చి ఆ తాళాన్ని కదిలించి వెళ్లారు.

ఆట బాగా సాగింది. నావి రెండు బంట్లు ఆయన వెనుక వరుసకు చేరి, ఇక అడుగు మిగలక అక్కడే రాళ్లలా కూర్చున్నాయి. ఆయన దూత వాటిని ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టవచ్చు. కొట్టలేదు. చూసుకోలేదేమో అనుకుని లోలోపల సంతోషించాను. నా దివిటీ నడిమి వరుసలో నడుచుకుంటూ ఆరో వరుసకు చేరింది. ఇక ఒక్క అడుగు. ఎదురుగా మూడు గడులు: నేరుగా ఉన్నదాంట్లో నా బంటు, ఎడమ మూలలో నా ఇంకో బంటు. కుడి మూల ఖాళీగా ఉంది, కానీ ఆ వరుస చివర ఆయన దూత కూర్చుని అటే చూస్తోంది. అడుగు పెడితే దివిటీ పోతుంది.

పలకను నాలుగు వైపుల నుంచీ చూశాను. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “నీ తలుపు నీ బంట్లే మూశాయి నాయనా. నేనెందుకు తీస్తాను?” అన్నారు.

ఇది ఆటకు వచ్చిన అందమో, కొత్త లోపమో తేల్చుకోలేక నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను. చెల్లెలు ఈ రాత్రి 400 ఆటలు పెట్టింది.